కరణం గొంతు అడిగిన అమ్మాయి

పాఠం చెప్పే ఉద్యోగం గురించి రాయమని కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్లు ఇద్దరు అడిగారు. కూర్చుంటే ముందు గుర్తొచ్చినవి నా తప్పులే. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ కమిటీలో కూర్చున్నానో మా ఆవిడకే గుర్తులేదు, మీకెందుకు? అమలాపురంలో ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. రిటైరై ఏడాదైంది. ఇన్నేళ్ళలో ఒక విద్యార్థినికి మాత్రం రెండుసార్లు అన్యాయం చేశాను. మొదటిసారి ఆమె చదువు ఆగిపోబోయింది. రెండోసారి చేసింది ఇంకా చెడ్డది. అది వరసలో చెప్తాను, ముందే చెప్పేంత ధైర్యం ఇప్పటికీ లేదు.

నోట్సు

నేను చేరిన రోజున మా డిపార్టుమెంటు హెడ్డు భానుమూర్తి గారు నన్ను పక్కకు పిలిచారు. "మేష్టారూ, క్లాసులో ఆయ్ అనకండి. మీరు ఇంగ్లీషు లెక్చరరు. రేవులో పడవ కోసం నిలబడ్డట్టు మాట్లాడితే పిల్లలు లెక్కచెయ్యరు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎదుటివాళ్ళు ఏం చెప్పినా ఆయ్ అని తలూపడం మా నేలలో పుట్టిన ప్రతివాడికీ పాలతోపాటు వచ్చేదే. అయినా ఆ సాయంత్రం నుంచే మానేశాను. మా తాత పాలేరు. మా నాన్న మిషను బడిలో పంతులు. ఊరికి దూరంగా ఉండే మా పేటలోంచి కాలేజీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ పేట వాసన నా మాటలో ఎక్కడా తగలకూడదని నాకూ ఉండేది. మాట కడిగి కడిగి ఆరేశాను. ఏళ్ళు గడిచేసరికి ఇంట్లో పిల్లలతో కూడా పుస్తకంలా మాట్లాడేవాణ్ణి.

భానుమూర్తి గారు చెడ్డమనిషి కాదు. నా పుట్టుక గురించి స్టాఫు రూములో ఎవరో గొణిగితే నోరు మూయించింది ఆయనే. ఆయనకు తెలిసిన మర్యాద అది, అంతే. ఆయనే నాకు నోట్సు చెప్పే విద్య కూడా నేర్పారు. నలభై ఐదు నిమిషాలు చెప్పడం, పిల్లలు రాసుకోవడం. ఒకసారి జ్వరంలో ఉండి, నవల మధ్యలో చచ్చిపోయిన మనిషిని చివరిదాకా బతికించి నోట్సు చెప్పేశాను. మొత్తం క్లాసు పరీక్షలో ఆయన్ని నిక్షేపంగా బతికించింది. ఒక్కరంటే ఒక్కరు పుస్తకం తెరవలేదు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరుసటి ఏడాది కూడా నోట్సే చెప్పాను.

పలు గొంతులు

డెబ్బైల చివర్లో యూనివర్సిటీ వాళ్ళు లెక్చరర్లకు పెట్టిన వేసవి తరగతులకు వెళ్ళి, ఒక విదేశీ పండితుడి సిద్ధాంతం విన్నాను. నిజంగా గొప్ప నవలలో ఒక్క గొంతే ఉండదట. ప్రతి పాత్రా తన మాట తను చెప్తుంది, మిగతా పాత్రలతో వాదిస్తుంది, అవసరమైతే రాసినవాడితోనూ వాదిస్తుంది. రచయిత ఎవరి మీదా పెత్తనం చెయ్యకూడదు. మనిషి ఒంటరిగా మాట్లాడినా ఆ మాట ఎవరికో ఒకరికి జవాబే. విన్న రోజున నాకు కాలు నేల మీద ఆనలేదు. పీహెచ్‌డీ చేస్తే దీని మీదే చెయ్యాలనుకుని పేరు నమోదు చేయించుకున్నాను.

అప్పుడు బీయే స్పెషల్ ఇంగ్లీషు వాళ్ళకు మనదేశంవాడే ఇంగ్లీషులో రాసిన నవల ఒకటి ఉండేది. పేరు అనవసరం, ఇప్పుడు దొరకదు కూడా. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక ఊరు. వరద రోజున ఎవరో ఏటిగట్టు కోసేస్తారు. పైపొలాలు బతుకుతాయి, కూలివాళ్ళ గుడిసెలు మునిగిపోతాయి. కోసిందెవరు? కరణం, బడిపంతులు, జమీందారు గారి భార్య, ఇనస్పెక్టరు, నూకాలు అనే కూలిమనిషి, ఒక్కొక్కరూ తమ కథ తాము చెప్పుకుంటారు. కరణానికి అరవై పేజీలు. నూకాలికి రెండున్నర. ఎవరు కోశారో రచయిత చివరిదాకా తేల్చడు.

దొరలు పోయారు, వాళ్ళ భాష ఉండిపోయింది. ఆ భాషలో కరణమూ నూకాలూ ఒకేలా, ఇస్త్రీ చేసినట్టు మాట్లాడతారు. అందుకని నాకొక ఆలోచన తట్టింది. పిల్లలే ఈ గొంతుల్ని తెలుగులోకి మార్చి, ఎవరి పాత్ర వాళ్ళు క్లాసులో చదవాలి. అలా చదివితే ఏ గొంతుకు ఆ గొంతు వేరుగా వినిపిస్తుంది, నా థీసిస్‌లో ఒక అధ్యాయం కూడా తయారవుతుంది. నోట్సు చెప్పడం ఒక నెల ఆపేస్తానంటే భానుమూర్తి గారు కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "మీ ఇష్టం. రిజల్టు పోతే మాత్రం నన్నడక్కండి" అన్నారు.

వేషాలు పంచిన రోజు

క్లాసులో పదకొండు మంది. పాత్రలు నేనే పంచాను. కరణం గొంతు కామేశ్వరరావుకి ఇచ్చాను, వాళ్ళ తాతగారు కొత్తపేట దగ్గర ఒక ఊరికి కరణం. ఇనస్పెక్టరు పాత్ర హెడ్ కానిస్టేబులు గారబ్బాయికి. నూకాలు గొంతు సుగుణకి. సుగుణ రాజోలు అవతల ఒక పేట పిల్ల, రోజూ బస్సులో వచ్చేది. ఆ పేటలో డిగ్రీ ఆఖరి ఏడాది దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. మెతకగా కనిపించేది, మార్కులు మాత్రం మెతక కాదు.

సుగుణ లేచి నిలబడింది. "మాస్టారండీ, నాకు కరణం గొంతు ఇవ్వండి."

నేను నవ్వాను. నిజం చెప్తున్నాను, ప్రేమగానే నవ్వాను. మన పిల్ల, మన బతుకు తలెత్తి చెప్తుంది అనుకున్నాను. "గమనించవలసిన విషయమేమిటంటే" అని కళ్ళజోడు సర్దుకుంటూ మొదలుపెట్టాను, అది నా ఊతపదం. "నూకాలు బతుకు నీకు తెలిసిన బతుకే కదమ్మా. నీ అనుభవం ఈ పాత్రకు ఎంతో ఉపయోగపడుతుంది."

వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. సుగుణ కూర్చుంది. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. రెండో వారం రాజోలు నుంచి వచ్చే మరో అమ్మాయిని అడిగితే చెప్పింది, "వాళ్ళమ్మగారు కువైట్‌లో ఉంటారు కదండీ. ఈవిడకీ వీసా చూస్తున్నారంటండి. పాస్‌పోర్టుకి ఫొటోలు కూడా తీయించుకుందండి."

ఇళ్ళలో పనికి వెళ్ళడమన్నమాట. పరీక్షలు ఇంకో మూడు నెలల్లో ఉన్నాయి. ఇలాంటి సమయంలో లెక్చరర్లం అనుకునే మాట ఒకటుంది: "మనమేం చేస్తాం, వాళ్ళ ఇంటి పరిస్థితులు." నేనూ మూడు రోజులు అదే అనుకున్నాను. మీరు అనుకోకండి. ఆ మాట తొంభైపాళ్ళు అబద్ధం.

చీపురు పుల్లలు

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక రాజోలు బస్సెక్కాను. ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి వాకిట్లో ఒక ముసలామె కొబ్బరాకులు ముందేసుకుని చీపురు పుల్లలు చీరుతోంది. సుగుణ అమ్మమ్మ, మార్తమ్మ గారు. సుగుణ లోపలికి పోబోయి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"రండి మేష్టారండీ, కూకోండి. ఇదుగో, ఈ మడతమంచం మీద. పిల్లా, టీ పెట్టు" అంది మార్తమ్మ గారు.

"టీ తరవాతమ్మా. సుగుణా, కాలేజీకి ఎందుకు రావడం లేదు?"

సుగుణ కింద చూస్తూ మొదలుపెట్టి, చివరికి నా మొహంలోకే చూసి అడిగింది. "మా అమ్మ అక్కడ గిన్నెలు తోముతుందండి, నేను బీయే చదువుతానని. నేనేమో ఇక్కడ బీయే క్లాసులో కూలిదాని వేషం వెయ్యాలాండి? అదేదో కువైట్ పోయి చేస్తే జీతమన్నా వస్తాది కదండీ."

ఏదో ఒకటి అనాలని, "అయితే కరణం గొంతే ఎందుకమ్మా? ఆయన గురించి నీకేం తెలుసు?" అన్నాను.

సమాధానం ముసలామె దగ్గర్నుంచి వచ్చింది. "అదేంటండి అలాగంటారు? కామందుల గొంతు మాకు తెలవకపోతే మరెవరికి తెలుస్తాదండీ? పొద్దున్నే మా పొలం కామందు గారి గొంతు వింటే చాలండి, ఆ రోజు మా రోజెలాగుంటాదో తెలిసిపోయేది. నాట్లప్పుడు మజ్జానం గట్టు మీద అన్నాలు తినేటప్పుడు మాకదే ఆటండి. ఒకళ్ళు కామందు, ఒకళ్ళు కామందు గారి భార్య. నవ్వలేక చచ్చేవోళ్ళం."

చేతిలో పుల్ల పక్కన పెట్టి, కొంగు భుజం మీద కండువాలా వేసుకుని, దగ్గి, గొంతు మార్చింది. "'ఏవర్రా, దారి నేను మూయలేదే! కంచె నేను వెయ్యమన్లేదే!' సమాధులకెళ్ళే దారికి ముళ్ళకంచె ఏయించేసిన రోజునండి. పొద్దున్నే అలాగనుకుంటా వచ్చేరు. ఎవరడిగేరండీ ఆయన్ని? మేవింకా కంచే చూళ్ళేదు. బయమున్నోడు అడక్కముందే జవాబు చెప్తాడండి."

నేను పకపకా నవ్వాను. "ఇంకెవరి గొంతు వచ్చమ్మా మీకు?"

"అమ్మమ్మా, ఊరుకో" అని సుగుణ గుమ్మంలోంచి గట్టిగా అంది. అప్పటికే ఆలస్యమైంది. ముసలామె నడుం నిటారుగా పెట్టి, రెండు వేళ్ళతో లేని కళ్ళజోడు సర్దుకుని అంది, "గమనించవలసిన విషయమేమిటంటే, ఇది నీకు తెలిసిన బతుకే కదమ్మా."

ఆమె నన్ను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మనవరాలు ఇంట్లో చేసి చూపిస్తే నేర్చుకుంది. ఆ ఆగడం, ఆ దీర్ఘం, ఆ ప్రేమ కూడా సరిగ్గా నాదే. కొంగు ఇంకా కండువాలాగే ఉంది. దారి మూసిన కామందుకీ నాకూ గొంతులో తేడా ఏమీ కనిపించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. దానికంటే ఎక్కువ సిగ్గేసింది మరో సంగతికి. మా నాయనమ్మ కూడా సరిగ్గా ఈ ఆట ఆడేది. ఆమె ఒళ్ళో కూర్చుని నేనూ నవ్వేవాణ్ణి. అంతా మర్చిపోయి, విదేశీ పండితుడు చెప్పాడని వేసవి తరగతుల్లో ఎగిరి గంతేశాను. శంఖంలో పోస్తేనే తీర్థం మరి!

"అమ్మా సుగుణా, కరణం గొంతు నీదే. సోమవారం చదవాలి. నువ్వు రాకపోతే నేను మళ్ళీ వస్తాను, ఈసారి మీ అమ్మమ్మ గారితో ఇంకో పది గొంతులు చేయించుకుంటాను" అన్నాను. సుగుణ మొదటిసారి నవ్వింది.

గొడుగు

సోమవారం కామేశ్వరరావుకి నూకాలు గొంతు ఇచ్చాను. మొహం ముడుచుకున్నాడు గాని కాదనలేదు. అతనే ముందు చదివాడు, సినిమాలో హాస్యగాడిలా. క్లాసు నవ్వింది.

తరవాత సుగుణ లేచింది. అరవై పేజీల్లోంచి ఆరు పేజీలు ఎంచుకుని తెలుగులో రాసుకొచ్చింది. వేషం వెయ్యలేదు, వెక్కిరించలేదు. పెద్దమనిషి తరహాలో నెమ్మదిగా చదివింది. కాని వాక్యం చదివి ఆగుతోంది, ఎవరో ఏదో అడుగుతుంటే విన్నట్టు. మళ్ళీ చదువుతోంది.

"నేను గట్టు వైపు వెళ్ళలేదు." ఆగింది. "పని ఉండి వెళ్ళానే అనుకుందాం, వెంటనే తిరిగొచ్చేశాను." ఆగింది. "అసలు ఆ రోజు నా దగ్గర గొడుగే లేదు."

మళ్ళీ ఆగింది. అప్పుడు బెంచీలోంచి కామేశ్వరరావు తనకు తెలియకుండానే అనేశాడు. నవ్వులాటగా కాదు, మెల్లగా, దణ్ణం పెడుతున్న మనిషిలా. "గొడుగు సంగతి తమర్ని ఎవరడిగేరండీ, బాబుగారూ?"

పుస్తకంలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు. గొడుగు మాత్రం ఉంది, జమీందారు గారి భార్య చెప్పే కథలో, గట్టు మీద బురదలో విరిగి పడి ఉంటుంది. ఎవరిదో ఆమెకూ తెలియదు. ఏడేళ్ళు ఆ నవల చెప్పాను, నాకూ తెలియదు. నూకాలికి రెండున్నర పేజీలే అని అంతకాలం నోట్సులో జాలిపడుతూ వచ్చాను. కరణం అరవై పేజీలూ నూకాలికి చెప్పుకున్న జవాబే. అడగని ప్రశ్నకు జవాబు. ఆమె గొంతు పుస్తకమంతా ఉంది, మేమే వినలేదు.

కామేశ్వరరావు ఆ సాయంత్రం స్టాఫు రూముకి వచ్చి, "మా తాతగారు కూడా అలాగే మాట్లాడతారండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. నూకాలు పాత్ర మళ్ళీ చదువుతానన్నాడు. రెండోసారి ఎవరూ నవ్వలేదు. పిల్లలకు వాళ్ళ కులం గొంతు వాళ్ళకివ్వకండి. ఇవతలివాళ్ళకు అవతలి గొంతు ఇవ్వండి. నా ముప్ఫై ఏళ్ళలో పనికొచ్చే సలహా ఇదొక్కటే.

రిజల్టు పోలేదు. సుగుణ పరీక్షలు రాసింది, యూనివర్సిటీలో ఎమ్మేలో చేరింది. వీసా సంగతి వాళ్ళమ్మ మళ్ళీ ఎత్తలేదట. మార్తమ్మ గారు నాకు రెండు చీపుళ్ళు పంపించారు.

నా థీసిస్

ఇక రెండోది. ఈ కథ ఇక్కడితో ఆపేస్తే నేను మంచి మాస్టారిగా మిగిలిపోతాను. ఆపను.

ఆ గొడుగు మీద, అడగని ప్రశ్న మీద నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం రాశాను. మా గైడు గారు చదివి ఉబ్బితబ్బిబ్బయ్యారు. "ఇది ఎవరి ఆలోచనండీ? రిఫరెన్సు కనబడదే" అని అడిగారు. బీయే చదివే పేట పిల్లదీ, చీపుళ్ళు కట్టే వాళ్ళమ్మమ్మదీ అని చెప్తే ఆయన ఏమనుకుంటారో అనిపించింది. "నాదేనండి, క్లాసులో తట్టింది" అన్నాను. నోరు ఎలా వచ్చిందో! పలు గొంతుల మీద రాసిన మూడు వందల పేజీల్లో ఆ ఇద్దరి పేర్లూ లేవు. డాక్టరేటు వచ్చింది, కాలేజీలో పూలదండలు వేశారు. థీసిస్ ప్రతి ఒకటి లైబ్రరీలో పెట్టించారు.

ఎమ్మే అయ్యాక సుగుణ మా డిపార్టుమెంటుకే లెక్చరరుగా వచ్చింది. స్టాఫు రూములో నా ఎదురు కుర్చీ. చేరిన నెలలోనే లైబ్రరీ నుంచి నా థీసిస్ తీసుకుంది, వారం ఉంచుకుంది, తిరిగి ఇచ్చేసింది. ఒక్క మాట అనలేదు. "నమస్కారమండీ మాస్టారూ" రోజూ ఉండేది. నేను మాత్రం అడక్కుండానే జవాబులు చెప్తూ ఉండేవాణ్ణి. "ఆ రోజుల్లో టైము చాలలేదమ్మా." "గైడు గారు తొందర పెట్టేశారు." ఆమె తలూపి పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఐదేళ్ళు అలా గడిచాయి. ఆ ఐదేళ్ళలో ఏ రోజైనా ఒక్క వాక్యం చెప్తే సరిపోయేది.

వీడ్కోలు సభ

నా రిటైర్మెంటు సభకు ఊళ్ళో పెద్దలు, పాత విద్యార్థులు వచ్చారు. అప్పటికే రిటైరైన భానుమూర్తి గారు ముందు వరసలో కూర్చున్నారు. అందరూ నన్ను పొగిడారు. నాలుగో అధ్యాయాన్ని మరీ పొగిడారు. చివర్లో డిపార్టుమెంటు తరపున సుగుణని మాట్లాడమన్నారు. కరణం లాంటి పిరికితనంతో కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

మైకు ముందు నిలబడి సుగుణ నడుం నిటారుగా పెట్టింది. రెండు వేళ్ళతో లేని కళ్ళజోడు సర్దుకుంది. కళ్ళజోడు సర్దగానే పాత విద్యార్థులు ఈలలు వేశారు. ఆ సర్దుడు ఎవరిదో అందరికీ తెలుసు.

"గమనించవలసిన విషయమేమిటంటే" అంది నా గొంతుతో. హాలంతా నవ్వుతో మోగిపోయింది. నవ్వు తగ్గేదాకా ఆగి, అదే గొంతుతో, అదే ప్రేమతో చెప్పింది. "నా నాలుగో అధ్యాయం నాది కాదమ్మా. మా విద్యార్థిని సుగుణది. ఆమెకు నేర్పింది వాళ్ళమ్మమ్మ మార్తమ్మ గారు. ఈ మాట చెప్పాలని ఐదేళ్ళుగా నేను రోజూ నోరు తెరుస్తున్నాను. గొంతు రాక ఆగిపోతున్నాను."

అక్కడ ఆగింది. ఆ రోజు క్లాసులో కరణం పాత్ర చదువుతూ ఆగినట్టే ఆగి, నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. అవతలివాడు అందుకుంటాడన్న నమ్మకం ఉంది. జనం ఇది కూడా హాస్యమే అనుకుని నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేనూ నవ్వేస్తే అయిపోయేది, హాస్యంగానే మిగిలిపోయేది.

లేచి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళుగా నోట్లోంచి రానివ్వని మాట, భానుమూర్తి గారి ఎదురుగానే, దానంతటదే వచ్చేసింది.

"ఆయ్" అన్నాను. "నిజవేనండీ."